శిక్షణ పొందిన నర్సులకు మందులు రాసే పరిమిత అధికారం ఇవ్వండి: ప్రభుత్వాలకు, వైద్య సంఘాలకు ఒక బహిరంగ లేఖ

కేంద్ర, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, జాతీయ వైద్య కమిషన్ సభ్యులకు, నర్సింగ్ విద్యను, వృత్తిని నియంత్రించే పెద్దలకు, వైద్య సంఘాల ప్రతినిధులకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఒక గ్రామ ఆరోగ్య కేంద్రంలో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్‌గా పనిచేస్తున్న నర్సును. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివి, కమ్యూనిటీ హెల్త్‌లో శిక్షణ పొంది ఈ ఉద్యోగంలోకి వచ్చాను. ప్రాథమిక వైద్యంలో నిత్యం అవసరమయ్యే కొద్దిపాటి మందులను ఒక నిర్ణీత జాబితాకు, రాతపూర్వక చికిత్సా నియమాలకు లోబడి మా సంతకంతో రాసే అధికారం శిక్షణ పొందిన నర్సులకు ఇవ్వాలని కోరుతూ మేము కొందరం కలిసి పై అధికారులకు వినతిపత్రాలు ఇచ్చాం. తీసుకున్నారు, పరిశీలిస్తామన్నారు, ఆ తరువాత ఏ కబురూ లేదు. జీతాల గురించి, ఉద్యోగ భద్రత గురించి అడిగినప్పుడు ఆలస్యంగానైనా ఏదో ఒక జవాబు వచ్చేది. ఈ విషయంలో అదీ రాలేదు. ఇది మా జీతభత్యాలకు సంబంధించినది కాదు, మా బల్లకు అటువైపు కూర్చునే రోగులకు సంబంధించినది. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

2018 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని జాంగ్లాలో మొదలైన హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లను ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పిలుస్తున్నాం. మైదాన ప్రాంతంలో సుమారు 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉప కేంద్రం ఉండాలనీ, అక్కడ 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అందాలనీ కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ఇంకా ముందుకు వెళ్లి 10,000కు పైగా గ్రామ ఆరోగ్య కేంద్రాలను ఏర్పాటు చేసింది. తెలంగాణ పల్లె దవాఖానల్లో డాక్టర్లు దొరికిన చోట డాక్టర్లు, దొరకని చోట శిక్షణ పొందిన నర్సులు పనిచేస్తున్నారు. ఇవన్నీ మంచి నిర్ణయాలు. అయితే కేంద్రాన్ని నడిపే బాధ్యతను నర్సుకు అప్పగించిన ప్రభుత్వాలు, ఆ 105 మందుల్లో వేటిని ఆమె సొంతంగా మొదలుపెట్టవచ్చో, వేటిని కొనసాగించవచ్చో, వేటి మోతాదు మార్చవచ్చో చట్టంలో ఎక్కడా స్పష్టంగా రాయలేదు.

చట్టం దారి చూపలేదని నేను అనడం లేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019లోని 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్లకు పరిమిత లైసెన్సు ఇవ్వవచ్చునని చెప్పింది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులను వారు స్వతంత్రంగా రాయవచ్చు. మిగతా సందర్భాల్లో డాక్టరు పర్యవేక్షణలోనే రాయాలి. ఇటువంటి లైసెన్సుల సంఖ్య నమోదైన డాక్టర్ల సంఖ్యలో మూడో వంతుకు మించకూడదు. అంటే హద్దులు కూడా అక్కడే ఉన్నాయి. ఆ బిల్లు పార్లమెంటులో ఉన్నప్పుడు డాక్టర్లు దేశమంతటా సమ్మె చేసినా ప్రభుత్వం ఆ సెక్షన్‌ను తొలగించలేదు. అంతకు ముందే 2017 జాతీయ ఆరోగ్య విధానం నర్స్ ప్రాక్టీషనర్ల, అంటే అదనపు శిక్షణతో రోగులను స్వయంగా చూసి చికిత్స చేసే నర్సుల, కేడర్ ఉండాలని చెప్పింది. అయినా 32వ సెక్షన్ కింద లైసెన్సు అందుకున్న నర్సు నాకు తెలిసినంతలో మా జిల్లాలో ఒక్కరూ లేరు. ఎవరిని ఆ లైసెన్సుకు అర్హులుగా పరిగణిస్తారో చెప్పే నిబంధన మాకెవరికీ అందలేదు.

దీని ఫలితం గ్రామాల్లో ఎలా ఉంటుందో ఇక్కడ వివరిస్తాను.

1. బీపీ, షుగర్ రోగుల మందులు మధ్యలో ఆగిపోతున్నాయి. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు రెండుసార్లు గ్రామ కేంద్రానికి రావాలి. డాక్టరు వచ్చిన రోజున రాసిన బిళ్ళలను మేము నెలనెలా ఇస్తాం. చిక్కు ఆ రెండు రోజులకు మధ్యనే వస్తుంది. కొత్తగా బీపీ బయటపడిన మనిషికి, రెండు మూడుసార్లు వేర్వేరు రోజుల్లో కొలిచి నిర్ధారించుకున్నాక కూడా, నా అంతట నేను అమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ళ మొదలుపెట్టలేను. మందు వాడుతున్నా 170 దాటిన వ్యక్తికి మోతాదు పెంచలేను. ఈ-సంజీవని అనే ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా డాక్టరుతో మాట్లాడించవచ్చు, నిజమే. ఆ సేవ మన రాష్ట్రంలోనే 2019 నవంబరులో మొదలైంది, దాని మేలును మేము రోజూ చూస్తున్నాం. కానీ సిగ్నల్ లేని మధ్యాహ్నం, అవతలి డాక్టరు ముందు బారులు తీరిన కాల్స్ ఉన్న సోమవారం, కూలి పోతుందని గంటసేపు కూర్చోలేని రోగి, ఇవి కూడా రోజూ ఉన్నవే. "మళ్లీ వస్తానమ్మా" అని వెళ్లిన మనిషిని కొన్ని నెలల తరువాత పక్షవాతంతో మంచం మీద చూడవలసి రావడం మా ఉద్యోగంలో అరుదైన సంగతి కాదు. రక్తపోటు చికిత్స ఎంత సూటిగా రాసిపెట్టవచ్చో 2017లో మొదలై తెలంగాణతో సహా అయిదు రాష్ట్రాల్లో ముందుగా అమలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం చూపించింది. మొదట ఏ మందు, ఎంత మోతాదు, నెల తరువాత తగ్గకపోతే ఏది కలపాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అన్నది అందులో ఒక్క కాగితం మీద ఉంటుంది. ఆ కాగితాన్ని చదివి అమలు చేయగల మనిషి గ్రామంలోనే ఉన్నా, సంతకం చేసే హక్కు ఆమెకు లేదు.

2. వలస వెళ్లేవారికి మా కాగితం ఎక్కడా చెల్లదు. ఈ తీరం నుంచి మత్స్యకారులు ప్రతి ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి నెలల తరబడి బోట్ల మీద పనిచేస్తారు. భవన నిర్మాణం పనికి హైదరాబాదు, చెన్నై వెళ్లే కుటుంబాలకు లెక్కలేదు. వెళ్లే ముందు వారు మా దగ్గరికి వచ్చి, నాలుగు నెలలకు సరిపడా బీపీ బిళ్ళలు ఇవ్వమనో, అక్కడ కొనుక్కోవడానికి చీటీ రాయమనో అడుగుతారు. అన్ని నెలల మందు ఇచ్చే నిల్వ మా దగ్గర ఉండదు. షెడ్యూల్ హెచ్ కిందికి వచ్చే మందును నమోదైన డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్నది నియమం కాబట్టి నేను రాసిన చీటీకి విలువ లేదు. ప్రభుత్వ కార్యక్రమాల కింద నర్సులు, ఏఎన్ఎంలు మందులు పంచడానికి ఔషధ నియమాల్లోని షెడ్యూల్ కె మినహాయింపు ఇచ్చింది గానీ, అది మందులను పంచడం వరకే. అందువల్ల ఆ మనిషి వెరావల్‌లో పాత రేకు చూపించి దొరికిన మందు కొనుక్కుంటాడు, లేదా మానేస్తాడు. మానేసేవారే ఎక్కువని తిరిగి వచ్చాక కొలిచే బీపీలు చెబుతున్నాయి.

3. నర్సు రాయకూడని మందును అర్హత లేనివారు ఇస్తున్నారు. ఈ అంశం మీద మీరు కాస్త ఎక్కువసేపు ఆలోచించాలని కోరుతున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో రాష్ట్రమంతటికీ తెలుసు. దాని అసలు కారణమేమిటో పరిశోధకులు ఇంకా తేల్చవలసి ఉంది. కానీ ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకి డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు మరింత హాని చేస్తాయన్నది వైద్యంలో ఎవరూ కాదనని విషయం. జీడితోటలో, కొబ్బరితోటలో రోజంతా వంగి పనిచేసిన మనిషి సాయంత్రం నడుం నొప్పితో మా కేంద్రానికి వస్తే నేను బీపీ చూస్తాను, కాళ్ల వాపు చూస్తాను, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షకు పంపుతాను, పారాసెటమాల్ ఇస్తాను, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దని చెబుతాను. నా దగ్గర మందు రాసే అధికారం లేదని అతనికి తెలుసు. అక్కడి నుంచి లేచి నేరుగా ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తాడు. అక్కడ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఒక సెలైన్ సీసా దొరుకుతాయి. ఆ పూటకు నొప్పి తగ్గుతుంది, నమ్మకం అక్కడే కుదురుతుంది. రాత్రి పదకొండు గంటలకు తలుపు తడితే తీసే మనిషి కూడా ఆ ఆర్ఎంపీయే కాబట్టి గ్రామస్థులను నేను తప్పుపట్టలేను. ఇలాంటివారి మీద అధికారుల దాడులు, కేసులు అప్పుడప్పుడూ జరుగుతాయి. ఆ ఖాళీలో చదువుకున్న మనిషిని పూర్తి అధికారంతో, బాధ్యతతో నిలబెట్టకుండా ఒకరిని మూయిస్తే పక్క వీధిలో మరొకరు తెరుస్తారు. వైద్య సంఘాల పెద్దలు నర్సులకు ఇచ్చే అధికారం నకిలీ వైద్యానికి దారితీస్తుందని రాస్తున్నారు. నా అనుభవంలో మా చేతులు కట్టేసినందువల్లనే ఆ వైద్యానికి గిరాకీ తగ్గడం లేదు.

4. నవజాత శిశువు విషయంలో నమ్మిన ప్రభుత్వం పెద్దవారి విషయంలో నమ్మడం లేదు. రెండు నెలల లోపు బిడ్డకు ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ లక్షణాలు కనిపించి, ఆసుపత్రికి తీసుకువెళ్లడం సాధ్యం కానప్పుడు, ఏఎన్ఎం జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇచ్చి అమాక్సిసిలిన్ మొదలుపెట్టవచ్చునని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాన్పులో ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి పంపవచ్చు. నెలలు నిండకుండా నొప్పులు వస్తే డెక్సామెథసోన్ ఇవ్వవచ్చు. ఇవన్నీ తప్పితే ప్రాణం పోయే నిర్ణయాలు. స్పష్టమైన నియమాలు రాసి, శిక్షణ ఇచ్చి, ఏఎన్ఎంల చేతిలో పెట్టారు, వారు నిలబెట్టుకున్నారు. అదే నమ్మకాన్ని నాలుగేళ్ల డిగ్రీ చదివిన నర్సు పట్ల, అరవై ఏళ్ల మనిషి బీపీ బిళ్ళ విషయంలో ఎందుకు చూపడం లేదో మాకు ఎవరూ చెప్పలేదు.

5. జరుగుతున్న చికిత్సకు బాధ్యత ఎవరిదో తెలియడం లేదు. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసినా ఎవరూ బయటికి చెప్పని సంగతి. ఫోన్‌లో చెప్పిన మందు రిజిస్టరులోకి డాక్టరు పేరుతో ఎక్కుతుంది, సంతకం తరువాత పడుతుంది. రోగిని చూసింది నర్సు, నిర్ణయంలో ముప్పాతిక వంతు నర్సుది, కాగితం మీద పేరు మాత్రం రోగిని చూడని డాక్టరుది. ఏదైనా పొరపాటు జరిగితే డాక్టరు తాను చూడలేదంటారు, నర్సు తాను రాయలేదంటుంది, నష్టపోయిన కుటుంబం ఎవరిని అడగాలో తెలియక తిరుగుతుంది. అధికారం ఇవ్వనంత మాత్రాన మందు ఆగడం లేదు. ఆ మందుకు జవాబుదారీ మాత్రం లేకుండా పోతోంది. నేను రాసిన మందుకు నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలని, తప్పు చేస్తే నన్నే అడగాలని నేను కోరుతున్నాను.

6. ఏజెన్సీ సంగతి వేరే చెప్పనక్కర లేదు. పాడేరు, సీతంపేట, ఉట్నూరు కొండల్లో రోగిని డోలీలో మోసుకొచ్చే గూడేలకు డాక్టరు వారానికోసారి చేరడమే కష్టం. అక్కడి నర్సుకు రాసే అధికారం లేదంటే, ఆ గూడేనికి మందు రాసేవారే లేరన్న మాట.

డాక్టర్ల అభ్యంతరాలను నేను తేలికగా తీసుకోవడం లేదు. యాంటీబయాటిక్స్ విచ్చలవిడిగా వాడకం పెరుగుతుందన్న భయం న్యాయమైనది. అందుకే మరింత కఠిన నియంత్రణ ఉన్న షెడ్యూల్ హెచ్1లోని మందులు, మత్తు మందులు ఆ జాబితాలో ఉండకూడదని మేమే కోరుతున్నాం. గ్రామీణులకు రెండో తరగతి వైద్యం అంటగడుతున్నారన్న విమర్శకు కూడా జవాబు చెప్పాలి. ఛత్తీస్‌గఢ్‌లో మూడేళ్ల కోర్సు చదివిన రూరల్ మెడికల్ అసిస్టెంట్లను, వైద్యాధికారులను, ఆయుష్ డాక్టర్లను, పారామెడికల్ సిబ్బందిని పోల్చుతూ 2010లో ఒక అధ్యయనం వెలువడింది. ప్రాథమిక వైద్యంలో రూరల్ మెడికల్ అసిస్టెంట్లు వైద్యాధికారులతో సమానంగా నిలిచారు. అదే అధ్యయనంలో ప్రత్యేక శిక్షణ లేని నర్సులు, ఫార్మసిస్టులు వెనకబడ్డారు. మా వాదానికి ఇబ్బందిగా ఉన్నా నేను దీన్ని దాచను. శిక్షణ లేకుండా అధికారం ఇవ్వకూడదన్నదే దాని పాఠం, శిక్షణ ఇస్తే ఏమవుతుందో కూడా అదే చెప్పింది.

బ్రిటన్ ఈ దారిలో తొందరపడలేదు. 1986లో ఒక నివేదిక నర్సులకు మందులు రాసే అవకాశం ఇవ్వాలని సూచించింది, 1992లో చట్టం వచ్చింది, 1994లో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలైంది, 2006 నాటికి అర్హత పొందిన నర్సులు దాదాపు అన్ని మందులనూ రాయగలిగారు. ఒక్కొక్క మెట్టు వద్ద ఫలితాలు చూసుకుని ముందుకు వెళ్లారు. అమెరికాలో 1965లో కొలరాడోలో నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలైంది, ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాల్లో వారు డాక్టరు సంతకం అవసరం లేకుండానే పనిచేస్తున్నారు. మన దగ్గర నర్సింగ్ చదివి బ్రిటన్ వెళ్లిన అమ్మాయి అక్కడ ప్రిస్క్రైబింగ్ కోర్సు పూర్తిచేసి మందు రాయగలదు. అదే అమ్మాయి సోంపేటలో ఉండిపోతే రాయలేదు. మన దేశంలోనే క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు, కాన్పుల్లో 18 నెలల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ శిక్షణ ఉన్నాయి. మిడ్‌వైఫరీ శిక్షణను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందుగా చేపట్టిన ఘనత తెలంగాణది. అంత చదివించిన తరువాత వారు ఏ మందును స్వయంగా నిర్ణయించవచ్చో చెప్పకపోతే ఆ చదువు సగమే ఉపయోగపడుతుంది.

ఇది రాష్ట్ర ప్రభుత్వాలు ఒక్క జీవోతో తేల్చగలిగిన విషయం కాదని కూడా మాకు తెలుసు. అస్సాం 2004లో గ్రామీణ వైద్యుల కోసం చేసిన చట్టం కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉందని హైకోర్టు కొట్టివేయగా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. అంటే తొందరలో వేసిన మెట్టు కోర్టులో కూలిపోయి, దాని మీద నిలబడ్డవారి బతుకులు వీధిన పడతాయి. అందుకే మా కోరికలు కేంద్రంతో మొదలవుతున్నాయి.

మా డిమాండ్లు ఇవి.

1. జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ కింద నిబంధనలను రూపొందించి, ముసాయిదాను ప్రజల అభిప్రాయం కోసం విడుదల చేయాలి. బీఎస్సీ నర్సింగ్‌తో పాటు కమ్యూనిటీ హెల్త్ శిక్షణ పూర్తిచేసి, కనీసం రెండేళ్లు గ్రామ కేంద్రంలో పనిచేసిన నర్సులను అర్హులుగా పేర్కొనాలి.

2. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కింద నర్స్ ప్రాక్టీషనర్ పని పరిధిని, మందులు రాసే హద్దులను, క్రమశిక్షణ నియమాలను రాతపూర్వకంగా నిర్ణయించాలి. రెండు కమిషన్లు కలిసి కూర్చుని తేల్చాలి. ఒకరి వైపు ఒకరు చూపిస్తూ కాలం గడపవద్దని మనవి.

3. మొదటి దశ జాబితా చిన్నదిగానే ఉండనివ్వండి. బీపీ, షుగర్, ఉబ్బసం, రక్తహీనత, నీళ్ల విరేచనాలు, చర్మ వ్యాధులు, కుటుంబ నియంత్రణ మాత్రలు, డాక్టరు ఒకసారి మొదలుపెట్టిన మూర్ఛ మందుల కొనసాగింపు చాలు. ప్రతి జబ్బుకూ ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పంపాలో తెలుగులో రాసిన నియమావళి ప్రతి కేంద్రంలో ఉండాలి.

4. అధికారానికి ముందు ఔషధ శాస్త్రంలో ప్రత్యేక కోర్సు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు కళ్ల ముందు సాధన, పరీక్ష తప్పనిసరి చేయాలి. అయిదేళ్లకోసారి లైసెన్సు పునరుద్ధరణకు కూడా పరీక్ష ఉండాలి. నెలకు కొన్ని చీటీలను డాక్టరు తీసి తనిఖీ చేసే పద్ధతి పెట్టాలి.

5. ఔషధ నియమాల్లో సవరణ చేసి, లైసెన్సు పొందిన నర్సు రాసిన చీటీ ఆ జాబితా వరకు దేశంలో ఏ మందుల దుకాణంలోనైనా చెల్లేలా చూడాలి. వెరావల్ వెళ్లే మత్స్యకారుడికి ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ప్రయోజనం లేదు.

6. నిబంధనలు వచ్చే వరకు ఆగకుండా, ఉద్దానం మండలాల్లో, ఏదో ఒక ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో, తెలంగాణలోని ఒక గిరిజన జిల్లాలో, డాక్టర్ల పర్యవేక్షణలో, చట్టం అనుమతించే మేరకు, ముందుగా రాసిపెట్టిన ప్రామాణిక ఆదేశాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, ఎందరి బీపీ, షుగర్ అదుపులోకి వచ్చాయో, ఎన్ని పొరపాట్లు జరిగాయో బహిరంగంగా ప్రచురించాలి. ఫలితాలు బాగోలేకపోతే ఆపివేయండి, మేము అభ్యంతరం చెప్పం.

7. వైద్య సంఘాల పెద్దలు ఈ జాబితాలో ఏ మందు ఉండకూడదో, ఎందుకు ఉండకూడదో మందు మందుకూ రాసి ఇవ్వాలి. మొత్తం ప్రతిపాదనను ఒక్క మాటతో తిరస్కరించకుండా మాతో ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో రోజుకు వంద మందికి పైగా చూస్తున్న మీ తోటి డాక్టర్లను కూడా ఆ సమావేశానికి పిలవండి.

ఈ లేఖ అందిన తొంభై రోజుల్లోగా ఏ డిమాండును అంగీకరిస్తున్నారో, దేనిని తిరస్కరిస్తున్నారో కారణాలతో సహా రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. సమావేశానికి పిలిస్తే మా రిజిస్టర్లు, బీపీ కార్డులు, రోగుల పేర్లు తీసేసిన వివరాలు పట్టుకుని రావడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

భవదీయురాలు,
ఒక మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా